గోడ మీద లేని ఇసుక

 

ఈ నెల శీర్షికను ఒక తప్పు ఒప్పుకోవడంతో ప్రారంభిస్తున్నాను. ఆ తప్పు పదిమందిది. ఆ పదిమందిలో నేనూ ఒకణ్ణి.

గత సంక్రాంతి సెలవుల్లో ఏలూరులో మా మస్జిదు పక్కనున్న గ్రంథాలయ గదిలో పిల్లలకు పది రోజులపాటు ధార్మిక తరగతులు నిర్వహించాము. చివరి రోజున వారిని కొల్లేటికి తీసుకువెళ్లాలని సంకల్పించాము. బుడమేరు, తమ్మిలేరు మోసుకొచ్చే నీటిని తనలో నింపుకొని, ఉప్పుటేరు ద్వారా సముద్రానికి పంపే ఆ సరస్సు మనకు ఇంత చేరువలో ఉన్నా మన పిల్లల్లో చాలామంది దాన్ని చూడలేదు. 1999లో అభయారణ్యంగా ప్రకటితమై, 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాకెక్కిన చోటు అది. వెళ్లేముందు అక్కడి పక్షుల గురించిన చిత్రం ఒకటి చూపిస్తే బాగుంటుందని అందరమూ అనుకున్నాము.

అదే సమయానికి కువైట్‌లో ఉద్యోగం చేస్తున్న మా వీధి యువకుడొకడు సెలవుపై వచ్చి, పిల్లల చదువు కోసమని ఒక లేజర్ ప్రొజెక్టరును, దానితోపాటు మెరిసే వెండి రంగు తెరను గ్రంథాలయానికి సదఖాగా ఇచ్చాడు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడు రంగులనూ నేరుగా లేజర్ కిరణాలతోనే పుట్టించే యంత్రమది. మగ్రిబ్ నమాజు తరువాత గదిలో దీపాలార్పి చిత్రం మొదలుపెట్టాము. రంగులు కళ్లు జిగేల్మనేలా ఉన్నాయి. అయితే తెల్లని ఆకాశమూ నిశ్చలమైన నీరూ తెరమీదికి రాగానే వాటిపై సన్నని రేణువులు మిలమిలలాడుతూ కనిపించాయి.

“నీళ్లమీద ఎవరో ఇసుక చల్లినట్టుంది బేటా” అన్నారు ముందు వరుసలోని ఒక నానీ. తెరకు తేమ పట్టిందన్నారు ఒకరు. తనకేమీ కనిపించడం లేదన్నారు మరొకరు. నాలుగో తరగతి చదివే ఒక బాలుడు, “నాకు పక్షులు సరిగా కనబడటం లేదు, ఇసుక మాత్రం చక్కగా కనబడుతోంది” అన్నాడు. అందరూ నవ్వారు. వెనుకనుండి ఒక గొంతు, “వాడి పారేసిన సరుకు ఇచ్చినట్టున్నాడు” అంది. ఎవరూ ఖండించలేదు. నేను తల కూడా ఊపాను.

ఆ మాటకు రెండు రోజుల్లో చిలవలు పలవలు పుట్టాయి. సదఖా పేరుతో పాత సామాను వదిలించుకున్నాడన్న మాట చివరికి ఆ యువకుని తల్లి చెవిన పడింది. ఆమె మా ఇంటికి వచ్చి కొనుగోలు రసీదు నా భార్య చేతిలో పెట్టి, “ఇది చూడండి ఆపా, మా అబ్బాయి మూడు నెలల జీతం” అని కంటతడి పెట్టుకున్నారు. ఆ రసీదు చూశాక నాకు నిద్ర పట్టలేదు.

మరునాడు తాడేపల్లిగూడెం వెళ్లాను. అక్కడ నా చిరకాల మిత్రుడొకరు భౌతికశాస్త్రం బోధించి, ప్రస్తుతం విశ్రాంత జీవితం గడుపుతున్నారు. సంగతంతా విని ఆయన ఒకే ప్రశ్న అడిగారు. “భాయ్‌సాబ్, ఆ రేణువులను తెర దగ్గరికి వెళ్లి చూశారా? తెరమీద మరకైతే దగ్గరికి వెళ్లేకొద్దీ పెద్దదవుతుంది. ఇవి పెద్దవయ్యాయా?”

మేము ఎవరమూ లేచి చూడలేదు. కూర్చున్న చోటు కదలకుండానే తీర్పు చెప్పేశాము.

ఆయన చెప్పినది నాకు అర్థమైన మేరకు ఇక్కడ వివరిస్తాను.

సాధారణ దీపం నుండి వెలువడే కాంతి సంతలో జనం వంటిది. రకరకాల పొడవుల తరంగాలు ఎవరి అడుగు వారిదన్నట్టు సాగిపోతాయి. లేజర్ కాంతి అలా కాదు. అది జమాఅత్‌లో సఫ్ కట్టినట్టు ఒకే పొడవు గల తరంగాలతో, అడుగులో అడుగు కలిపి నడుస్తుంది. ఆకుపచ్చ కాంతిలో ఒక తరంగం పొడవు మిల్లీమీటరులో సుమారు 2,000వ వంతు. మన చేతికి నున్నగా తోచే గోడగానీ తెరగానీ ఆ కొలతకు కొండలూ లోయలూ నిండిన నేల. క్రమం తప్పక వచ్చిన ఆ తరంగాలు గరుకు నేలను తాకి చెదిరినపుడు కొన్ని ముందుగా, కొన్ని ఆలస్యంగా తిరిగివస్తాయి. కొల్లేటిలో రెండు పడవలు రేపిన అలలు ఎదురైనపుడు ఏమవుతుందో ఒకసారి జ్ఞప్తికి తెచ్చుకోండి. అల శిఖరం శిఖరంతో కలిసిన చోట నీరు ఎత్తుగా లేస్తుంది. శిఖరం పల్లంతో కలిసిన చోట అణగిపోతుంది. కాంతి విషయంలోనూ ఇదే జరుగుతుంది. తరంగాలు కలిసి బలపడిన చోట మెరుపుచుక్క, ఒకదానినొకటి రద్దు చేసుకున్న చోట చీకటిచుక్క ఏర్పడతాయి. ఈ చుక్కల అల్లికను శాస్త్రజ్ఞులు స్పెకిల్ అంటారు. చిత్రానికి సంబంధం లేకుండా చిత్రంలో చేరే ఇటువంటి అలజడికి వారి భాషలో నాయిస్ అని పేరు. నాయిస్ అంటే చెవికి వినిపించే రొద మాత్రమే కాదు, కంటికి కనిపించే రొద కూడా.

సాదా ఆకాశంలోనూ నిశ్చలమైన నీటిలోనూ అది ఎందుకు ఎక్కువగా కనిపించిందో కూడా ఆయన చెప్పారు. ఈకలు, రెల్లుగడ్డి, గూళ్లు వంటి సూక్ష్మ వివరాలు నిండిన చోట ఆ రేణువులు వాటిలో కలిసిపోతాయి. వెలుగు నిండిన సాదా భాగాలలో దాగడానికి చోటుండదు.

అసలైన విశేషం ఇక ముందున్నది. మనం చూసే ఆ రేణువులు తెరమీద ముద్రించినట్టు ఉండవు. తెరనుండి చెదిరిన తరంగాలు చూసేవారి కనుపాప గుండా లోనికి ప్రవేశించి, కంటి వెనుకనున్న రెటీనాపై కలుసుకున్నపుడు ఆ అల్లిక రూపొందుతుంది. కనుపాప చిన్నదైతే రేణువులు పెద్దవవుతాయి. చూసేవారు కొద్దిగా జరిగితే అల్లిక మారిపోతుంది. అందువల్ల ఒకే తెరను నలభైమంది చూస్తుంటే నలభై అల్లికలుంటాయి. నిజానికి ఒకే మనిషి కుడికన్ను చూసినది ఎడమకన్ను చూడదు.

ఇది మన ప్రాంతీయులకు కొత్త కాదు. ఏలూరు తివాచీని ఒక అంచు వైపు నిలబడి చూస్తే లేతరంగుగానూ, ఎదుటి అంచు నుండి చూస్తే ముదురురంగుగానూ కనిపిస్తుంది. నూలు మారలేదు, అద్దకమూ మారలేదు. నూలుపోగులు వాలిన దిక్కుకు మనం ఏ పక్క నిలిచామన్నదే మారింది. పొద్దు వాలేవేళ కొల్లేటి నీటిపై పరచుకునే వెలుగుబాట కూడా అంతే. రెండు పడవల్లో ఇద్దరు కూర్చుంటే ఆ బాట తన పడవ దగ్గరికే వస్తున్నదని ఇద్దరూ చెబుతారు. ఇద్దరూ నిజమే చెబుతారు.

తిరుగు ప్రయాణంలో రైలు కిటికీ పక్కన కూర్చున్నపుడు ఆయన చెప్పిన మరో సంగతి తేటపడింది. భీమడోలు దాటాక చూస్తే దగ్గరి కరెంటు స్తంభాలు వెనక్కి పరుగెడుతున్నాయి. దూరాన చందమామ మాత్రం మనతోపాటే వస్తున్నట్టున్నది. లేజర్ రేణువులూ ఇలాగే ప్రవర్తిస్తాయి. కన్ను సహజంగా ఎంత దూరాన దృష్టి నిలుపుతుందో, రేణువులు ఆ దూరంలోనే ఉన్నట్టు తోస్తాయి. హ్రస్వదృష్టి గలవారి చూపు తెరకంటే ఇవతలే నిలిచిపోతుంది కనుక, అద్దాలు లేకుండా తల కుడికి జరిపితే రేణువులు స్తంభాల వలె ఎడమకు జరుగుతాయి. దీర్ఘదృష్టి గలవారికి అవి చందమామ వలె తలతోపాటే కదులుతాయి. దృష్టి సరిగా ఉన్నవారికి ఒక దిక్కంటూ లేకుండా మినుకుమంటాయి. 1960, 70 దశకాలలో పరిశోధకులు ఈ గుణాన్ని ఆధారం చేసుకొని కంటిచూపును కొలిచే పద్ధతులు కూడా రూపొందించారు.

ఇందులో మరొక చిత్రమున్నది. చూపు మసకగా ఉన్నవారికి తెరమీది బొమ్మ మసకబారుతుంది గానీ రేణువులు మసకబారవు. అవి కంటిలోనే రూపొందుతాయి కనుక దృష్టి ఎక్కడ నిలిచినా స్పష్టంగానే ఉంటాయి. ఈ మాట గుర్తుకురాగానే నా గుండె ఒక్కసారి ఝల్లుమంది. “పక్షులు సరిగా కనబడటం లేదు, ఇసుక మాత్రం చక్కగా కనబడుతోంది” అన్న బాలుణ్ణి చూసి మేమంతా నవ్వాము కదా!

చూపు గురించిన ఈ ఆలోచన మన వారసత్వంలో భాగమే. క్రీ.శ. 965 ప్రాంతంలో బస్రాలో జన్మించి, కైరోలో జీవితం గడిపిన ఇబ్నుల్ హైసమ్ తన ‘కితాబుల్ మనాజిర్’ను ఏడు భాగాలుగా రచించి, మూడవ భాగాన్ని చూపులో కలిగే పొరపాట్లకే కేటాయించారు. దూరం, వెలుగు, చూసిన వ్యవధి, కంటి ఆరోగ్యం వంటివి తగిన హద్దులో లేకుంటే చూపు తప్పుతుందని ఆయన వాటిని ఒక్కొక్కటిగా పరిశీలించారు. వస్తువునుండి వచ్చే కాంతి కంటిలో ప్రవేశించడం ఒక సంగతి, దానినిబట్టి మన బుద్ధి తీర్పు చెప్పడం మరొక సంగతి అని విడదీసి చూపారు. బాల్యంలో విశాఖపట్నంలో చదువుకున్న సి.వి. రామన్ 1919లో కంటిలోని పారదర్శక పదార్థాలలో కాంతి చెదిరే తీరుపై ఒక పరిశోధనా వ్యాసం ప్రచురించారు. ప్రకాశవంతమైన దీపం చుట్టూ మనకు కనిపించే వలయాలు దీపానివి కావు, కంటివని అందులోని విచారణ. 1943లో జి.ఎన్. రామచంద్రన్ సన్నని పొడి గుండా వచ్చిన కాంతి వలయాలలో వెలుగు హెచ్చుతగ్గుల లెక్క తేల్చారు. 1960లో మొదటి లేజర్ వెలిగింది. 1962 నాటికే అమెరికాలో పరిశోధకులు ఆ కాంతి పడిన గోడమీద ఈ రేణువులను గమనించి వాటి గురించి రాశారు. అంటే లేజర్ ఉన్నంతకాలంగా ఈ ఇసుక కూడా ఉన్నది. అది మా గ్రంథాలయంలో పుట్టినది కాదు, కువైట్ నుండి వచ్చినదీ కాదు.

దీనికి నివారణ లేదా అని నేను అడిగాను. పూర్తిగా లేదుగానీ తగ్గించే ఉపాయాలున్నాయట. వేర్వేరు అల్లికలు కన్ను రెప్పపాటుకంటే తక్కువ కాలంలో ఒకదానిపై ఒకటి పడితే సగటుపడి రేణువులు సన్నగిల్లుతాయి. అయితే నాలుగు అల్లికలు కలిస్తే రొద సగానికి, నూరు కలిస్తే పదోవంతుకు మాత్రమే తగ్గుతుంది. అందుకే తయారీదారులు పొడవులో స్వల్ప తేడాలున్న అనేక లేజర్లను కలిపి వాడటం, కాంతి మార్గంలో కదిలే గరుకు బిళ్లను అమర్చడం, కొన్నిచోట్ల తెరనే కంటికి తెలియనంత సన్నగా కంపింపజేయడం చేస్తుంటారు. నీలి లేజర్‌తో పసుపు ఫాస్ఫరును వెలిగించి, దాని కాంతిని వాడే ప్రొజెక్టర్లలో ఈ సమస్య చాలా తక్కువ. మూడు రంగులూ నేరుగా లేజర్లవే అయిన యంత్రాలలో రంగులు గాఢంగా ఉంటాయిగానీ రేణువులు కూడా ఎక్కువగా తోస్తాయి. మెరిసే తెరపై మరింత ఎక్కువ. మెరుపులేని తెల్లని తెరపై తక్కువ. గదిలో ఒక చిన్న దీపం వెలిగించినా కొంత మరుగున పడతాయి. ఇంటికోసమో బడికోసమో ప్రొజెక్టరు కొనదలచినవారు ముందుగా తెల్లని సాదా చిత్రం వేయించి, కూర్చునే చోటునుండే చూసుకోవడం మంచిది.

ఆ రాత్రి ఇషా తరువాత అందరినీ మళ్లీ గ్రంథాలయంలో సమావేశపరిచాము. నిశ్చలమైన కొల్లేటి నీటి దృశ్యాన్ని తెరపై నిలిపి మూడు పరీక్షలు చేయించాను. మొదట తెర దగ్గరికి నడిచారు. తెరమీది నిజమైన చిన్న మరక పెద్దదైంది, రేణువులు మాత్రం కంటికి అంతే పరిమాణంలో తోచాయి. తరువాత పిడికిలిలోని సన్నని సందు గుండా చూశారు. రేణువులు పెద్దవయ్యాయి. ఆపై తలను మెల్లగా పక్కకు జరిపారు. మరక కదలలేదు, రేణువులు మినుకుమన్నాయి. “అయితే ఇది తెరమీద లేనే లేదా!” అన్నారు నానీ. ఆ తరువాత వెండితెర తీసి మెరుపులేని తెల్లని తెర కట్టి, వరండాలో దీపం వెలిగించాము. ఇసుక పూర్తిగా పోలేదుగానీ బాగా పలచబడింది.

ఆ బాలుణ్ణి నా పక్కన నిలబెట్టుకొని అడిగాను. “తల కుడికి తిప్పు బేటా, ఇసుక ఎటు పోతోంది?” వాడు ఏమాత్రం తడుముకోకుండా, “ఎదురు పోతోంది చాచా, ప్రతిసారీ ఎదురే” అన్నాడు. మర్నాడు వాడి అబ్బా వాడిని కంటి వైద్యుని వద్దకు తీసుకువెళ్లారు. రెండు కళ్లకూ హ్రస్వదృష్టి ఉందని తేలింది. బల్లమీద రాసినది ఎక్కించుకోడని, అశ్రద్ధ ఎక్కువని బడిలోనూ ఇంట్లోనూ ఏడాదిగా వాడు తిట్లు తింటున్నాడట. వాడిపైనా మనం దురనుమానమే పెట్టుకున్నాము. చేసిన నేరమేమిటో తెలియని పసివాడు దానికి శిక్ష అనుభవించాడు.

ఒక హెచ్చరిక చేయవలసి ఉన్నది. ఈ తల కదిపే పరీక్ష సూచన మాత్రమే. పిల్లల కళ్లు తమంతట తాము దృష్టిని సర్దుకోగలవు కనుక కొన్ని లోపాలు ఇందులో బయటపడవు. పిల్లవాడు పుస్తకాన్ని ముఖానికి దగ్గరగా పెట్టుకుంటున్నా, దూరపు రాతను కళ్లు చికిలించి చూస్తున్నా వైద్యునికి చూపించడమే కర్తవ్యం. ప్రొజెక్టరు కటకంలోకి నేరుగా చూడనివ్వకండి. సంతలో దొరికే లేజర్ పాయింటర్లను పిల్లలకు ఆటవస్తువులుగా ఇవ్వకండి. వాటి అసలు శక్తి పైన రాసిన అంకెను మించి ఉండవచ్చు. రెటీనాకు కలిగిన గాయం మానకపోవచ్చు.

ఇక అసలు సంగతికి వస్తాను. ఆ సాయంత్రం ఇసుక కనిపించిందన్నవారు అబద్ధమాడలేదు. కనిపించలేదన్నవారూ అబద్ధమాడలేదు. “నాకు రేణువులు కనిపిస్తున్నాయి” అన్నంతవరకు అది సాక్ష్యం. “తెర చెడ్డది” అనగానే అది తీర్పు. “ఇచ్చినవాడు మోసగాడు” అనగానే అది నింద. ఈ మూడు మాటల నడుమ ఉన్న దూరాన్ని మేము ఒక్క నిట్టూర్పులో దాటేశాము. సూరె హుజురాత్ మనకు నేర్పేది సరిగ్గా ఈ దూరం గురించే. అందిన వార్తను నిర్ధారించుకోవాలన్న ఆదేశం, దురనుమానానికీ పరోక్ష నిందకూ దూరంగా ఉండాలన్న హెచ్చరిక ఒకే సూరాలో ఉన్నాయి. ఆ సూరా మాలో చాలామందికి కంఠస్థమే.

దీనివల్ల ప్రతి లోపమూ చూసేవారి కంటిలోనే ఉన్నదని భావించరాదు. అమానత్ సొమ్ముకు లెక్క అడగవలసినదే. తెరమీద నిజమైన మరక ఉంటే ఉన్నదని చెప్పవలసినదే. మౌనం న్యాయం కాదు. అయితే లేచి నాలుగడుగులు వేసి దగ్గరనుండి చూసిన తరువాత చెప్పవలసిన మాట అది. మరక అయితే దగ్గరికి వెళ్లినపుడు పెద్దదవుతుంది. సంసారాలలో వచ్చే తగవులకూ ఈ పరీక్ష పనికివస్తుంది. అత్తాకోడళ్ల మధ్య, అన్నదమ్ముల మధ్య దూరంనుండి చూసి పెంచుకున్న అనుమానాలలో ఎన్ని దగ్గరికి వెళ్లి మాట్లాడితే నిలుస్తాయో ఎవరికి వారు ఆలోచించుకోవాలి.

ఒకప్పుడు శాస్త్రజ్ఞులకు ఈ స్పెకిల్ కేవలం బెడదగానే తోచింది. ఆ తరువాత ఇటువంటి అల్లికల సహాయంతోనే నక్షత్రాల వెడల్పును అంచనా కట్టారు, రెటీనాలో ప్రవహించే రక్తపు వేగాన్ని పరిశీలించారు. ఓర్పుతో చూసినవారికి రొద కూడా ఒక సమాచారమే అయింది. మాకు అది ఒక బాలుని కంటిచూపును గురించి చెప్పింది. మా నాలుకల గురించి కూడా చెప్పింది.

మేము ఐదుగురం ఆ యువకుని ఇంటికి వెళ్లి క్షమాపణ కోరాము. నిందను ఏ గదిలో వేశామో ఆ గదిలోనే, అందరి ఎదుటా మళ్లీ క్షమాపణ చెప్పాము. అతడు మందహాసం చేసి, “నాకూ ఆ ఇసుక కనిపించింది భాయ్, నన్నే మోసగించారేమోనని నేనూ అమ్మినవాణ్ణి అనుమానించాను” అన్నాడు.

చివరి రోజున పిల్లలతో కైకలూరు మీదుగా ఆటపాక వెళ్లాము. ఇనుప మంచెలపై కట్టుకున్న గూళ్లలో గూడబాతులు కొలువుతీరి ఉన్నాయి. కొత్త అద్దాలు ఇంకా అందలేదు కనుక ఆ బాలుడు నా బైనాక్యులర్ పట్టుకొని వాటిని లెక్కపెట్టాడు. పొద్దు వాలుతుండగా నీటిపై వెలుగుబాట పరచుకుంది. “అది మా పడవ వైపే వస్తోంది!” అని ఒక పడవలోని పిల్లలు అరిచారు. “కాదు, మా వైపే!” అన్నారు రెండవ పడవలోనివారు. వారిలో ఎవరినీ ఎవరూ అబద్ధాలకోరు అనలేదు.

తోటివారిని సదభిప్రాయంతో చూసే చూపును, నిర్ధారించుకున్నదాకా ఆగే నాలుకను అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.